పేరు లేని తెల్లగోళీ

రాఖీ పున్నమ దగ్గరవడ్డదంటే మా ఇంట్లోళ్లందరు నా మొఖం దిక్కు జూసుడు మొదలువెడ్తరు. జనగామల మెడికల్ షాపు నడిపే మా అన్నకు నేను రాఖీ కట్టక మస్తేండ్లయింది. మా చిన్నమ్మలు, మా ఆడిబిడ్డ, ఆఖరికి బడిల నాతోని పనిజేసే సార్లు గూడ "పోనియ్యి మేడం, ఎంతైన అన్న గదా, మాఫ్ జేసెయ్యి" అంటరు. మాఫ్ జేసుడంటే చీరె కొంగుకు అంటిన దుమ్ము దులుపుకున్నట్టు అనుకుంటరు. ఎవల కడుపుల మంట వాళ్లకే ఎరుక. ఇయ్యాల మొదటికెల్లి జెప్త, జర నిమ్మలంగ వినుండ్రి.

ఆయన నా తోడబుట్టినోడు గాదు. జనగామల మా వాడకట్టుకు ఒక షావుకార్ల ఇల్లుండె. ఆ ఇంట్ల అందరు మొగపిల్లలే, ఆడపిల్ల లేదు. మా ఇంట్ల నేనొక్కదాన్నే, అన్నదమ్ములు లేరు. నాకు ఐదేండ్లున్నప్పుడు వాళ్లమ్మ నన్ను పిలిచి పెద్దకొడుకు చేతికి రాఖీ కట్టిపిచ్చింది. కట్టినంక చేతుల లడ్డు వెట్టి, "ఇగ వీడు నీకు అన్న, నీకేమన్న అయితే వీన్నే అడుగు" అన్నది. గప్పటికెల్లి ఒక్క ఏడాది తప్పలే. నా పెండ్లికి ముందటవడి పనులన్ని జేసిండు, నన్ను అత్తగారింటికి తోలేటప్పుడు మా నాయిన కన్న ఎక్కువ ఏడ్సిండు. ఒడిబియ్యం పోసుడు కాడ గూడ అన్న లేని లోటు నాకు తెల్వనియ్యలే. గిసొంటి మనిషిని నమ్మకపోతే ఎవర్ని నమ్మాలె?

బస్టాండు కాడ ఆయన మెడికల్ షాపు వెట్టుకున్నడు. డాక్టరు సదువు సదువలే, అయినా నర్మెట్ట దిక్కు ఊర్ల కెల్లి వచ్చేటోళ్లందరు "డాక్టర్ సాబ్" అనే పిలుస్తరు. ఒంట్ల బాగలేదంటే దవాఖానకు ఎవలు వోతరు, అక్కడ ఎంతసేపు నిలవడాలె? షాపు ముందల నిలవడి బాధ జెప్తే చాలు, రెండు నిమిషాల్ల గోళీలు ఇస్తడు. మాటలు గూడ ఎంత మెత్తగ ఉంటయో. సగం రోగం ఆయన మాటలకే పోతదని మా అమ్మ అనేది.

పెండ్లయిన రెండో ఏడు నాకు ఏడో నెలలనే కాన్పయింది. బిడ్డ దక్కలే. ఆడపిల్ల. ఒక్కసారి జూపెట్టి తీస్కపోయిండ్రు. ఇగ అటెన్క నాకు కంటి మీద కునుకు లేదు. అన్నం ముందల వెట్టుకొని ఏడుస్తుంటి, నీళ్లు తోడుకుంట ఏడుస్తుంటి, ఎవలన్న పసిపిల్లను ఎత్తుకొని పోతుంటే బజార్లనే కూలవడుతుంటి. మా ఇంటాయన మానుకోటల సార్ నౌకరి జేస్తడు, ఊరి పేరు మహబూబాబాద్ గని మేము మానుకోటనే అంటం. ఆయన పరేషాన్ అయ్యి నన్ను జనగామ తోలుకొచ్చి మా అమ్మ కాడ ఇడిసిపెట్టిండు. తెల్లారి అన్న ఇంటికొచ్చిండు. చేతుల చిన్న ఖాకి రంగు కాయితపు కవరు.

"చెల్లె, ఇవి నరాలకు బలం గోళీలు. పండుకునే ముందల ఒకటేసుకో. అన్నీ సర్దుకుంటయ్."

కవరు మీద నీలం పెన్నుతోని చంద్రుని బొమ్మ గీసి ఉండె. సదువురానోళ్లకు మెడికల్ షాపులల్ల గట్లనే గీసిస్తరు, సూర్యుడంటే పొద్దుగాల, చంద్రుడంటే రాత్రి. నేను బడిల పిల్లలకు తెలుగు జెప్పేదాన్ని, నాకు గూడ చంద్రుడే. అప్పుడు నవ్వొచ్చింది. గోళీలు షీటుల లేకుండె, ఒక్కొక్కటి విప్పి కవర్ల పోసిచ్చిండు. తెల్లగ, గుండ్రంగ, మీద ఏ రాత లేదు. షీటు విప్పే తిప్పల నాకు లేకుంట జేసిండు, ఎంత ప్రేమనో అనుకున్న.

ఇగ నా బుద్ధి సంగతి జెప్త. మిర్చిబజ్జీ కట్టిచ్చిన కాయితం గూడ విప్పి సదివే మనిషిని నేను. బస్సు టికెటు ఎనుక అచ్చయింది గూడ సదువుత. గని నోట్లె వేసుకునే గోళీ పేరేందని ఒక్కసారి అడగలే. ఎట్ల అడుగుత? రాఖీ కట్టిన చేతితోని ఇచ్చినదాన్ని ఇదేందని అడిగితే ఆయన్ని అనుమానించినట్టు గాదా? మాలెక్క సుట్టరికాలు కట్టుకొని బతికేటోళ్లు మాత్రమే చేసే తప్పు గిది. అంగట్ల తెల్వనోడు ఇచ్చి ఉంటే తిప్పి తిప్పి అడుగుతుంటి.

గోళీ వేసుకున్న దినం మొద్దు నిద్రవోయిన. లేసేసరికి పొద్దు నెత్తి మీదికొచ్చింది. అమ్మ దేవునికి కొబ్బరికాయ కొట్టింది. నెల తిరిగేసరికి ఏడ్సుడు బందయింది. బిడ్డ యాదికొచ్చినా కండ్లల్ల నీళ్లు వస్తలేవు. గుండె కాడ ఏదో దూది కూరినట్టుండేది. గదే బలం అనుకున్న నేను.

తర్వాత నన్ను కాటారం బదిలీ జేసిండ్రు. అంటే జనగామ యాడ, కాటారం యాడ. భూపాలపల్లి దాటి, అడివి అంచు వెంబడి పోవాలె. మానుకోటల మా ఇంటాయన, కాటారంల నేను, సెలవులకు కలుసుకుంటుంటిమి. అన్న మాత్రం మరువలే. పట్నం నుంచి జనగామ మీదికెల్లి మా దిక్కు వచ్చే బస్సు ఒకటి ఉండె. నెలకోసారి ఆ డ్రైవర్ చేతికి కవరు ఇచ్చి పంపెటోడు. నేను బడి కెల్లి వచ్చి చౌరస్తల నిలవడి తీసుకుంటుంటి. ఒకటి సాలుతలేదు అన్న, నడిజాముల మెలకువ అయితుందంటే, "ఒకటిన్నర వేసుకో చెల్లె, నీ నరాలు జర బలహీనం" అన్నడు. రెండు గోళీలయినా నేను వేసుకునేదాన్నే. మా అన్న జెప్పిండు గదా.

గట్ల ఆరేండ్లు గడిసినయ్. ఆరేండ్లల్ల నేను ఎట్లయిన్నో నాకు తెలువలే, బడి పిల్లలకు తెలిసింది. "మేడం కునుకు తీస్తుంది, సప్పుడు జెయ్యకుండ్రి" అని పక్క తరగతోళ్లకు సైగ జేసెటోళ్లు. నల్లబల్ల మీద సగం రాసి, మిగిలింది ఏందో మర్సిపోయి నిలవడుతుంటి. పెద్దసారు మంచోడు, "థైరాయిడ్ ఉన్నదేమో జూపించుకోండి" అన్నడు. నా తత్త్వమే గంత అని నేను మొఖం ముడుసుకున్న.

మా బడిల మధ్యాహ్న భోజనం వండే అవ్వ ఒకామె ఉండె. దగ్గరి తండ ఆమెది. కొడుకు బొంబాయి పనికివోయి ఏడాదికోసారి గూడ ఇంటికి రాకపోయెటోడు. ఆమె ఇంట్ల లంబాడి మాట మాట్లాడేది, నాతోని మాత్రం మన తెలుగే. నన్ను "బిడ్డా" అని పిలిచేది. జొన్నరొట్టె మీద ఎర్రకారం తొక్కు వెట్టి, పిల్లలకు పెట్టక ముందే నాకు దాసేది. ఆ ఊర్ల నన్ను కన్నతల్లి లెక్క సూసుకున్నది ఆమెనే. ఒకనాడు పొయ్యి ముందల కూసొని, "కొడుకు రంది తోని నిద్ర వడ్తలేదు బిడ్డా, తెల్లారేదాక కప్పు దిక్కు సూసుకుంట పండుకుంట" అన్నది. నేనేం జేసిన? ఇంటికి తోల్కపోయి, డబ్బల కెల్లి గోళీ తీసి సగం విరిసి చేతుల వెట్టిన.

"నరాలకు బలం అవ్వ. మా అన్న పంపిండు. రోజు వచ్చి తీసుకపో."

పక్కింటోళ్లకు మామిడికాయ తొక్కు వెట్టినట్టు పెట్టిన. రోజు పొద్దుమూకేటప్పుడు వచ్చి అర గోళీ కొంగుల ముడేసుకొని పోయేది. "నీ కడుపు సల్లగుండ" అని దీవిచ్చేది. ఎనిమిది నెలలు తిన్నది. పుణ్యం జేస్తున్నననే అనుకున్న.

గప్పుడే సమ్మె వచ్చింది. తెలంగాణ కోసం అందరు పని బంద్ వెట్టిండ్రు, బడి బంద్, ఆఫీసులు బంద్, బస్సులు డిపోల కెల్లి కదులలే. మేము సార్లు, మేడంలు గూడ సమ్మెలనే ఉన్నం. చౌరస్తల టెంటు ఏసి రోజు కూసుంటుంటిమి. రోడ్డు మీదనే పొయ్యిలు వెట్టి వండుడు, అక్కడనే తినుడు, ఆడోళ్లందరం తంగేడు పువ్వు తెచ్చి బతుకమ్మ ఆడుడు. నేను ఆ లొల్లిల గూడ కుర్చీల కూసొని తూగుతుంటి గని, మనసుల మాత్రం తెలంగాణ రావాలెనని గట్టిగనే ఉండె. మైకు పట్టుకున్న ప్రతి ఒక్కడు ఒకటే మాట, పరాయోళ్లు మనల్ని నమ్మిచ్చి ముంచిండ్రు, మనోళ్లు మనకుంటే చాలని. నేను చప్పట్లు కొట్టిన.

బస్సు లేదంటే నా కవరు లేదు. డబ్బల చూస్తే పదకొండు గోళీలు. ఒకటిన్నర కాడ ఒకటి వేసుకుంట వచ్చిన, అవ్వకు అరగోళీ ఆపలే. సమ్మె ఇయ్యాల అయిపోతది, రేపు అయిపోతది అనుకున్నం, అయిపోలే. ఆరు గోళీలు మిగిలినప్పుడు నాకు బుగులు వట్టింది. ఒకటి చేతుల వెట్టుకొని కాటారంలనే ఉన్న మెడికల్ షాపుకు పోయిన. షాపాయన గోళీని వేలితోని అటు ఇటు దొర్లిచ్చి సూసిండు.

"తెల్లగోళీలు వెయ్యి రకాలుంటయ్ మేడం. పేరు జెప్పాలె, లేకుంటే షీటన్న జూపెట్టాలె."

నా కాడ పేరు లేదు, షీటు లేదు, చంద్రుని బొమ్మ ఉన్న కవరొక్కటే ఉన్నది. అక్కడనే నిలవడి అన్నకు ఫోన్ జేసిన.

"అన్న, గోళీ పేరు జెప్పు, ఇక్కడ్నే కొనుక్కుంట."

"పేరెందుకు చెల్లె? అది ఆడ దొరకదు. బస్సులు నడవంగనే పంపుత. రెండు దినాలు వేసుకోకుంటే ఏంగాదు."

"ఊకె జెప్పరాదు అన్న, అడిగి సూస్త."

"గిరాకీ ఉన్నది, మల్ల చేస్త" అని పెట్టేసిండు. మల్ల చెయ్యలే. నేను చేస్తే ఎత్తలే.

గోళీలు నాలుగైనయ్. ఆ పొద్దుమూకి అవ్వ వచ్చి గుమ్మంల నిలవడ్డది. నేను మంచం మీద కూసొని ఉన్న, డబ్బ ఒళ్లె ఉన్నది. ఇగ ఎన్ని దినాలు బస్సులు రావో ఏమో, ఈమె మొన్నటిదాక గోళీ లేకుంటనే బతికింది గదా, నాకైతే నరాలు బలహీనమాయె అనుకున్న. డబ్బను ఎనుకకు జరిపి, "అయిపోయినయ్ అవ్వ" అన్న. ఆమె నా దిక్కు ఒక్క ఘడియ సూసి, "పోనీ బిడ్డా, వచ్చినప్పుడియ్యి" అని పోయింది. నాకు సిగ్గనిపిచ్చింది. అయినా డబ్బ ఇయ్యలే.

ఆ నాలుగు గూడ అయిపోయినంక మూడో దినం నా పానం నా చేతుల లేదు. చేతులు వణుకుడు, ఒళ్లంత చెమట, ఎవలన్న గిన్నె కింద వెడితే చెవుల గునపం దింపినట్టు సప్పుడు. నిద్ర సంగతి అడగకుండ్రి. గుండెల దూది ఎవరో గుంజేసినట్టు ఆరేండ్ల కింది ఏడుపు మొత్తం ఒక్కసారి ఎల్లుకొచ్చింది. అయినా టెంటుకు పోయిన, ఇంట్ల ఒక్కదాన్ని ఉండలేక. ఎవరో మైకుల మాట్లాడుతున్నరు. నా ఎడమ చెయ్యి దానంతట అదే గుంజుకుంటుంది, నేను దాన్ని కుడి చేతితోని వట్టుకున్న. అటెన్క నాకు యాది లేదు.

సోయి వచ్చేసరికి భూపాలపల్లి దవాఖానల ఉన్న. నాలిక కొరుక్కున్న, నోరంత నెత్తురు వాసన. నేను ఫిట్సు వచ్చి పడ్డనంట. టెంటుల ఉన్నోళ్లు ఏమనుకున్నరో తెలుసా? పంతులమ్మ తెలంగాణ కోసం తిండి మానేసి సోయి తప్పిందని జై కొట్టుకుంట జీపుల ఏసుకొచ్చిండ్రు. ఎవరో మంచం కాడ బంతిపూల దండ గూడ వెట్టిండ్రు. కాదని నేను జెప్పలే. నోరు లేస్తలేదు, లేసినా జెప్పకపోతుంటినేమో.

అక్కడి డాక్టరమ్మ నెత్తి నెరిసిన మనిషి. ఆమెది కోస్తా మాట. కుర్చీ దగ్గరికి జరుపుకొని, "రాత్రిపూట ఏం మాత్ర వేసుకుంటున్నారమ్మా?" అన్నది.

"నరాలకు బలం గోళీ."

"ఎన్నాళ్లుగా?"

"ఆరేండ్లు."

"పేరు?"

"తెల్వదు, మా అన్న ఇస్తడు" అన్న. ఆమె కోపానికి రాలే. మా అన్న నంబరు అడిగి, నా ముందలనే ఫోన్ జేసింది. దవాఖాన నుంచి డాక్టర్ని మాట్లాడుతున్ననని అన్నదో లేదో, మా అన్న ఒక్క నిమిషంల గోళీ పేరు, దాని బలం ఎంత, అన్నీ జెప్పిండు. నేను బతిమాలితే దొరకని పేరు ఆమెకు అడగంగనే దొరికింది. ఆమె ఫోన్ పెట్టేసి నా చెయ్యి వట్టుకున్నది.

"ఇది బలం మాత్ర కాదమ్మా, నిద్రమాత్ర. కొద్ది రోజులకని ఇస్తారు. ఇన్నేళ్లు వాడి ఒక్కసారిగా ఆపితే ఇలాగే అవుతుంది, ప్రాణానికే ముప్పు. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టి, నెలలు పట్టినా కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి. మీకై మీరు ఎప్పుడూ ఆపొద్దు."

టెంటుల పొద్దంత మైకుల ఏమన్నరు? పరాయోళ్లు ముంచిండ్రని. నన్ను ముంచినోడు మా వాడకట్టోడు, నా చేతి రాఖీ కట్టుకున్నోడు. నాకు నిజం జెప్పింది ఎక్కడిదో తెలువని డాక్టరమ్మ. నమ్మి నానవోస్తే పుచ్చి బుర్రలైనయంటరు మా దిక్కు. నాకు ఒళ్లు మండింది.

మా ఇంటాయన మానుకోట కెల్లి మోటరుసైకిల్ మీద వచ్చిండు. డాక్టరమ్మ జెప్పిందంత తలకాయ కిందికేసుకొని విన్నడు. ఆశ్చర్యపోలే. నేను అది గమనించిన గని అప్పుడు నాకు అర్థంగాలే.

సమ్మె అయిపోయి బస్సులు కదిలినంక నేను జేసిన మొదటి పని జనగామ పోవుడు. అన్న షాపుల నలుగురైదుగురు గిరాకీ ఉన్నరు. నేను పక్కకు నిలవడి సూసిన. నర్మెట్ట దిక్కు రైతు, బాపు వయసుంటది, "సాబ్, నా బలం గోళీ" అన్నడు. మా అన్న అడుగలే, జూడలే, కింది అరల కెల్లి ఖాకి కవరు తీసిచ్చిండు. మీద చంద్రుడు. అంటే నేనొక్కదాన్నే గాదు. నేను ఆ పెద్దమనిషి చెయ్యి వట్టుకొని, "బాపు, అది నిద్రగోళీ. ఒక్కసారే బంద్ జెయ్యకు గని, పెద్ద దవాఖానల జూపెట్టుకో" అన్న. ఆయన చెయ్యి గుంజుకొని, "సాబ్ ఇచ్చిండమ్మ, నీకేం తెలుసు" అనుకుంట పోయిండు.

అన్న నన్ను లోపటికి పిలిచిండు. కూసో చెల్లె అన్నడు. నేను కూసోలే.

"ఆరేండ్లు నాకెందుకు అబద్ధం జెప్పినవ్?"

"నిద్ర గోళీ అంటే నువ్వు ఏసుకుంటుంటివా? పిచ్చిదాన్ననుకుంటున్నరా అని లొల్లి జేస్తుంటివి. బలం అంటే నిమ్మలంగ ఏసుకున్నవ్. నిద్ర వట్టిందా లేదా?"

"బంద్ జేస్తే పానం పోతదని నీకు తెల్వదా? పేరడిగితే ఎందుకు జెప్పలే?"

"అక్కడోడు అదేందో నీకు చెప్తడు గదా" అన్నడు. అన్నంక తనే గతుక్కుమన్నడు. నేను సస్తనో బతుకుతనో గాదు, ఆయన బయటవడుడు ఆయన రంది. నేను తిట్టవోతుంటే, ఇగ తట్టుకోలేక అసలు మాట కక్కిండు.

"నన్నొక్కన్నే అంటవేంది? ముందుగాల అడిగింది మీ ఆయన. నువ్వు ఏడ్వకుంట ఏదన్న ఇయ్యమని నా కాళ్లావేళ్లా పడ్డడు. నీకు జెప్పొద్దన్నది గూడ ఆయనే."

షాపు మెట్లు ఎట్ల దిగిన్నో తెల్వదు. రైలెక్కి మానుకోట పోయిన. మా ఇంటాయన తలుపు తీసి నా మొఖం జూసి అన్నీ సమజ్ జేసుకున్నడు. దాపెట్టలే. "నువ్వు ఊకె ఏడుస్తుంటే ఇల్లు ఆగమైతుండె. నేను నౌకరికి పోవాల్నా, నిన్ను వట్టుకొని కూసోవాల్నా? కొన్ని దినాలకే అనుకున్న. నువ్వు మంచిగనే ఉన్నట్టు కనవడ్డవ్, ఇగ కదిలిచ్చుడెందుకని ఊకున్న" అన్నడు. మంచిగ ఉన్ననంట. నా బిడ్డను నేను ఏడ్సుకోనియ్యలే వీళ్లిద్దరు. ఆ ఏడుపు నాది, దాన్ని నాకు తెల్వకుంట నా కాడికెల్లి తీసుకున్నరు. ఆయన అన్నం వండి వెట్టిండు, నేను తినలే. ఒక్క మాట మాట్లాడకుంట కాటారం బస్సెక్కిన.

దారి పొడవున అవ్వనే యాదికొచ్చింది. నా బాధల పడి ఆమె సంగతి మర్సిన. ఆమె గూడ ఎనిమిది నెలలు తిన్నది. ఆమెకు గూడ నేను ఒక్కసారే బంద్ జేసిన. బడికి పోతే పొయ్యి కాడ వేరే ఆమె వండుతుంది. అడిగితే జెప్పింది. నేను భూపాలపల్లి దవాఖానల ఉన్న దినాలల్లనే, అవ్వ ఇంట్ల గంజి వంపుతుంటే చేతులు వణికినయంట. అక్కడనే గుంజుకుంట పడ్డది, ఉడుకుగంజి కుడి చెయ్యి మీద వడ్డది. దయ్యం వట్టిందని తండల తాయెత్తు కట్టిపిచ్చిండ్రు. దవాఖానకు తోల్కపోలే, బస్సులు లేకుండె.

ఆ పొద్దుమూకనే తండకు పోయిన. అవ్వ ఇంటి ముందల కూసొని మక్కకంకి కాళ్ల నడుమ వెట్టుకొని ఎడమ చేతితోని ఒలుస్తుంది. కుడి చెయ్యి మోచేతి దాక తోలు ఊడి ఎర్రగున్నది, మీద ఏదో ఆకుపసరు పూసి ఉన్నది. నన్ను జూసి లెవ్వలే. నేను మట్టిల కూసొని అన్నీ జెప్పిన. గోళీ ఏందో జెప్పిన, మా అన్న ఆడిన అబద్ధం జెప్పిన, మా ఇంటాయన సంగతి జెప్పిన, దవాఖానకు పోదాం రా, నేను తోల్కపోత అన్న. చెప్పుకుంట చెప్పుకుంట ఎక్కెక్కి ఏడ్సిన. ఆరేండ్ల తర్వాత వచ్చిన ఏడుపు, ఆపతరం గాలే.

ఆమె కంకి ఒలుసుడు ఆపలే.

"నేను అడగొచ్చిన్నాడు ఎన్ని గోళీలున్నయ్ నీ కాడ?"

"నాలుగు."

"డబ్బల గలగలమన్నయ్. విన్న."

నేను చాటను ఆమె దిక్కు జరిపిన.

"గోళీ ఏందో నీకు తెల్వదు, గది నేను నమ్ముత. డబ్బల ఉన్నయని తెలుసు గదా." ఒలిసిన గింజలు చాటలకు ఊడ్సింది. "మీ అన్నను ఏం జేసినవ్ మల్ల?"

"మాట్లాడుడు బంద్ జేసిన."

"మాఫ్ జెయ్యవా?"

"ఎట్ల జేస్త అవ్వ? తెలిసి తెలిసి జేసిండు."

ఆమె ఇంకో కంకి తీసుకొని కాళ్ల నడుమ వెట్టుకున్నది.

"మంచిగ జేసినవ్" అన్నది. "నేను గూడ గట్లనే జేస్త."